వాయిద్యం కనిపెడితే పేటెంటు వస్తుందా?

– ఒక పూర్వ విద్యార్థి, సాంఘిక సంక్షేమ వసతి గృహం, నర్సీపట్నం



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమని అడిగారు. కథలు, కవితలు నాకు రావు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి మైకుసెట్లు, ఆంప్లిఫయర్లు, ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు, గిటార్ పెడల్స్ బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అందుకని నాకు తెలిసిన పరికరాల గురించే రాస్తున్నాను. దానికి కారణం మా బ్యాచ్ మిత్రుడొకడు. పేరు రాయొద్దన్నాడు, విషయం మాత్రం తప్పకుండా రాయమన్నాడు.

ఆ రోజుల్లో మన హాస్టల్‌లో డప్పు కొట్టాలంటే వాడే. ఒక ఆగస్టు పదిహేనున తెల్లవారుజాము నుంచీ ముసురు పట్టింది. తడి గాలికి తోలు మెత్తబడి డప్పు పలకడం మానేసింది. డప్పు కాచడానికి మంట వేద్దామంటే ఎండుగడ్డి లేదు, వరండాలో మంట వేయడానికి ఒప్పుకోలేదు. అందరి ముందూ ఆ డప్పు అట్టముక్క మీద కొట్టినట్టు మోగింది. వాడు ఆ రోజు మధ్యాహ్నం మెస్సుకి రాలేదు.

ఆ బాధ వాడి మనసులో ఉండిపోయింది. తర్వాత వెల్డింగు నేర్చుకుని, ఇనప చట్రానికి చుట్టూ ఎనిమిది బోల్టులు పెట్టి, పానాతో తోలు బిగించుకునే డప్పు చేశాడు. వానలోనూ ఖంగుమంటుంది. రెండు మూడు పెళ్లి ఊరేగింపుల్లో వాయించాడు. చూసినవాళ్లంతా "ఒరే, దీనికి పేటెంటు తీసుకో, కోట్లొస్తాయి" అన్నారు. ఒక మధ్యవర్తి దొరికాడు. పన్నెండు వేలు పుచ్చుకుని, నంబరున్న ఒక కాగితం చేతికిచ్చాడు. మావాడు దానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు.

రెండేళ్ల తర్వాత వేరే ఊళ్లో అలాంటి డప్పులే అమ్ముతున్నారని తెలిసింది. ఫ్రేము పట్టుకుని ఒక వకీలు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన చదివి, "బాబూ, ఇది పేటెంటు కాదు, దరఖాస్తు రశీదు. అదీ తాత్కాలిక దరఖాస్తు. పన్నెండు నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. వేయలేదు కాబట్టి ఇది ఎప్పుడో చచ్చిపోయింది" అన్నారు. ఆ మాట మధ్యవర్తి మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాలని తెలిస్తే కదా!

ఆ రోజు నుంచి ఈ విషయం గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. నేను తెలుసుకున్నది మీకు చెబుతాను.

పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటు అనేది ఒక ఒప్పందం. కనిపెట్టినవాడు తన పరికరం ఎలా పనిచేస్తుందో దాచకుండా రాసి ప్రభుత్వానికి ఇస్తాడు. దానికి బదులుగా ప్రభుత్వం "ఇరవై ఏళ్ల వరకు నీ అనుమతి లేకుండా ఎవరూ దీన్ని తయారుచేసి అమ్మకూడదు" అని హక్కు ఇస్తుంది. గడువు తీరాక అది అందరి సొత్తు. మన దేశంలో దీనికి ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టం. అది 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్ల లెక్క దరఖాస్తు వేసిన తేదీ నుంచి మొదలవుతుంది.

హక్కు రావాలంటే మూడు పరీక్షలు దాటాలి. ఒకటి, అది కొత్తదై ఉండాలి. మన ఊరికే కాదు, ప్రపంచం మొత్తానికి కొత్తదై ఉండాలి. రెండు, ఆ పని తెలిసిన మామూలు మనిషికి వెంటనే తట్టేది కాకూడదు. మూడు, తయారుచేసి వాడుకోవడానికి వీలైనదై ఉండాలి.

మావాడి డప్పు మూడో పరీక్ష సులువుగా పాసయింది. మొదటి దాంట్లోనే తప్పింది. డ్రమ్ము తోలును బోల్టులతో బిగించే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. మన బ్యాండు మేళం వాళ్ల డ్రమ్ములకు ఉన్న బోల్టులు అవే. అంటే మధ్యవర్తి నిజాయితీగా పన్నెండు నెలల్లో పూర్తి దరఖాస్తు వేసినా ఆ పేటెంటు వచ్చేది కాదు. దానికి తోడు దరఖాస్తుకు ముందే పెళ్లి ఊరేగింపుల్లో అందరి ముందూ వాయించేశాడు. కొత్తదనం అనేది దరఖాస్తు తేదీ నాటికి చూస్తారు. ఆ తేదీకి ముందే నలుగురికీ చూపిస్తే, మన పరికరమే మన దరఖాస్తుకి అడ్డం వస్తుంది.

పాడైన పెట్టె నుంచి పుట్టిన పేటెంటు

మరి సంగీత పరికరానికి పేటెంటు ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే అతని కాలి దగ్గర చిన్న ఇనప పెట్టెలు చూసే ఉంటారు. వాటినే ఎఫెక్ట్స్ పెడల్స్ అంటారు. గిటార్ నుంచి వచ్చే కరెంటు సంకేతం ఆ పెట్టెలోంచి వెళ్లి, స్వరూపం మార్చుకుని ఆంప్లిఫయర్‌లోకి పోతుంది.

అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. ఆ పాట 1961లో విడుదలైంది. గ్రేడీ మార్టిన్ అనే కళాకారుడు వాయిస్తుండగా మిక్సరులోని ఒక భాగం పాడైంది. గిటార్ శబ్దం చిరిగిన స్పీకరు లోంచి వచ్చినట్టు బరబరమని వచ్చింది. అయినా ఆ ముక్కను తీసేయకుండా పాటలో అలాగే ఉంచారు. జనానికి నచ్చింది. మిగతా కళాకారులు కూడా ఆ శబ్దం కావాలని అడగడం మొదలుపెట్టారు. తీరా చూస్తే పాడైన ఆ భాగం పూర్తిగా చచ్చిపోయింది!

అప్పుడు ఆ స్టూడియో ఇంజినీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే మరొక ఇంజినీరుతో కలిసి ఆ పాడైన శబ్దాన్ని కావాలనుకున్నప్పుడు తెప్పించే ట్రాన్సిస్టర్ సర్క్యూట్ తయారుచేశాడు. అది 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1962 మే 3న దరఖాస్తు వేస్తే 1965 అక్టోబరు 19న పేటెంటు వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడిన తర్వాత షాపుల్లో సరుకు మిగల్లేదు.

దాని పని చాలా తేలిక. గిటార్ తీగ కదిలితే వచ్చే సంకేతం చెరువులో అలలాగ గుండ్రంగా పైకి లేచి కిందికి దిగుతుంది. దాన్ని ట్రాన్సిస్టర్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పెంచితే, అల పైభాగం, కిందిభాగం కత్తితో కోసినట్టు చదునైపోతాయి. ఆ కోసిన అంచుల వల్లే బరబర శబ్దం పుడుతుంది. మైకుసెట్టులో వాల్యూం మరీ పెంచితే గొంతు చీలినట్టు వస్తుందే, ఇది దాని తమ్ముడే.

ఇక్కడ గమనించాల్సినది ఒకటి ఉంది. స్నాడీకి పేటెంటు వచ్చింది ఆ బరబర శబ్దానికి కాదు. ఆ శబ్దాన్ని తెప్పించే సర్క్యూట్‌కి. ఇంకొకడు పూర్తిగా వేరే పద్ధతిలో అలాంటి శబ్దమే తెప్పిస్తే అడ్డుకోలేరు. పేటెంటు కాగితంలో చివర "క్లెయిములు" అని నంబర్లు వేసిన వాక్యాలుంటాయి. హక్కు సరిహద్దులు అవే. పొలం పట్టాలో సర్వే నంబరూ, హద్దులూ ఎలాగో ఇవీ అలాగే. ఎంత గొప్ప పరికరమైనా, క్లెయిములు సరిగా రాయకపోతే పక్కవాడు గట్టు జరిపేస్తాడు.

వా-వా పెడల్ కథా ఇలాంటిదే. చెయ్యి నోటి మీద మూసి తెరుస్తూ "ఆ" అంటే "వా వా" అని వినిపిస్తుంది కదా, పాదంతో తొక్కుతూ గిటార్‌ని అలా పలికించే పెడల్ అది. కాలిఫోర్నియాలో థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్లీ ప్లంకెట్ అనే ఇంజినీరు 1966లో ఆంప్లిఫయర్‌లోని ఒక స్విచ్చికి బదులు తిప్పే నాబ్ పెట్టి చూశాడు. తిప్పుతున్నంతసేపూ శబ్దం మారడం గమనించారు. ఆర్గన్‌కి వాడే వాల్యూం పెడల్లో ఆ సర్క్యూట్ పెట్టారు. ప్లంకెట్, లెస్టర్ కుష్నర్ల పేరు మీద 1967 ఫిబ్రవరిలో దరఖాస్తు వేస్తే 1970 సెప్టెంబరు 22న పేటెంటు వచ్చింది. రెండు కథల్లోనూ ముందు ఒక పొరపాటో ప్రయోగమో జరిగింది. దాన్ని ఒకరు శ్రద్ధగా గమనించారు. గమనించింది వెంటనే కాగితం మీద పెట్టారు.

ఈ రెండు పేటెంట్ల గడువూ ఎప్పుడో తీరిపోయింది. ఇవాళ మీరు ఫజ్ పెడల్ గానీ వా పెడల్ గానీ తయారుచేసి అమ్ముకోవచ్చు. కాకపోతే వేరేవాళ్ల పేరు, గుర్తు దాని మీద వేయకూడదు. ఆ పాత పేటెంటు కాగితాలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి, సర్క్యూట్ బొమ్మతో సహా. ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

మూడు నెలలు, మూడేళ్లు

పేటెంటులో కాలం ఎంత ముఖ్యమో చెప్పడానికి 1934వ సంవత్సరం చాలు. ఆ జనవరి 19న లారెన్స్ హామండ్ అనే ఆయన తన కరెంటు ఆర్గన్‌కి దరఖాస్తు వేశాడు. అప్పుడు అమెరికాలో నిరుద్యోగం తీవ్రంగా ఉంది. ఈ ఆర్గన్ ఫ్యాక్టరీ వస్తే జనానికి పని దొరుకుతుందన్న ఆలోచనతో అధికారులు తొందరపడ్డారు. ఏప్రిల్ 24కల్లా పేటెంటు చేతికొచ్చింది. మూడు నెలలు!

అదే ఏడాది జూన్‌లో జార్జ్ బోషాం అనే ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌కి దరఖాస్తు వేశాడు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. సైన్సులో చదువుకునే విద్యుదయస్కాంత ప్రేరణే. ఆయన పేటెంటు 1937 ఆగస్టు 10న గానీ రాలేదు. ఆ మూడేళ్లలో మిగతా కంపెనీలు ఎలక్ట్రిక్ గిటార్లు చేసి అమ్మేస్తున్నాయి. కాగితం చేతికొచ్చేసరికి సంత సగం అయిపోయింది. పేటెంటు వచ్చినా డబ్బు వస్తుందన్న గ్యారంటీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏయే వాటికి పేటెంటు రాదు?

మన చట్టంలో మూడో సెక్షన్ అందరూ చదవాల్సినది. పేటెంటు రానివన్నీ అందులో వరసగా చెప్పారు. సంగీతానికి సంబంధించినవి నాలుగు చెబుతాను.

మొదటిది, ప్రకృతి సూత్రం. సర్ సి.వి.రామన్ గారు చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే. ఆయన మృదంగం, తబలాల మీద పరిశోధన చేసి 1920లో ప్రచురించారు. మామూలు డ్రమ్ము మోతలో శ్రుతి ఉండదు, మృదంగానికి ఉంటుంది. మూత మధ్యలో ఉండే నల్లని పూత బరువు వల్ల అనుస్వరాలు ఒక క్రమంలోకి వస్తాయని ఆయన వివరించారు. అది గొప్ప ఆవిష్కారం. కానీ సూత్రానికి పేటెంటు ఇవ్వరు. ఆ సూత్రాన్ని వాడుకుని, వానకి తడవని కొత్త రకం మూత ఎవరైనా తయారుచేస్తే ఆ మూతకు అడగవచ్చు.

రెండోది, తరతరాల విద్య. మన మన్యంలో థింసా ఆడేటప్పుడు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. వాటిని ఎవరో వచ్చి ఫోటో తీసుకుని, "నేను కనిపెట్టాను" అని పేటెంటు అడిగితే చట్టం ఒప్పుకోదు. సంప్రదాయ విజ్ఞానానికి పేటెంటు లేదు. ఇది మనకు నష్టం అనుకోకండి. మన తాతల డప్పును మన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరన్న భరోసా అది.

మూడోది, తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టడం. ఒకే పెట్టెలో శ్రుతిపెట్టె, టైంపీసు, టార్చిలైటు బిగించి, దేని పని అది చేసుకుంటూ ఉంటే అది కొత్త ఆవిష్కరణ కాదు. ఒకదాని వల్ల ఇంకొకటి కొత్తగా పనిచేస్తేనే లెక్కలోకి వస్తుంది.

నాలుగోది, వట్టి కంప్యూటర్ ప్రోగ్రాము, లెక్కల పద్ధతి. ఇప్పటి పాటల్లో గొంతు శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ మీకు తెలుసు. దాన్ని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు ఎక్కడుందో కనిపెట్టే పని చేసేవాడు. ఆ లెక్కలనే గొంతుకు వాడి 1997లో ఆటోట్యూన్ తెచ్చాడు. 1999లో అమెరికాలో పేటెంటు పొందాడు. మన దేశంలో అయితే వట్టి లెక్కకీ, వట్టి ప్రోగ్రాముకీ పేటెంటు ఇవ్వరు. పరికరంలో అది సాంకేతికంగా ఏం కొత్త పని చేస్తోందో చూపించాలి.

ఇక పాట, బాణీ సంగతి వేరు. వాటికి కాపీరైటు ఉంటుంది, పేటెంటు ఉండదు.

ఇంకొక సందేహం చాలామందికి ఉంటుంది. అమెరికాలో పేటెంటు ఉన్న పెడల్‌ని ఇక్కడ తయారుచేయవచ్చా? ఏ దేశపు పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడ పేటెంటు తీసుకోకపోతే ఇక్కడ తయారుచేసి ఇక్కడే అమ్ముకోవచ్చు. కానీ "నేనే కనిపెట్టాను" అని ఇక్కడ పేటెంటు అడగడానికి మాత్రం వీల్లేదు. అది లోకానికి అప్పటికే తెలిసిన విషయం కాబట్టి.

పేటెంటు కాని రక్షణలు

పేటెంటు రాకపోతే ఏమీ లేనట్టు కాదు. మనకు దగ్గరి ఉదాహరణ బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు పనస కర్రతో ఒకే దుంగలోంచి వీణ చెక్కుతారు. ఎంతో పాత విద్య కాబట్టి పేటెంటు రాదు. అయితే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాన్నే జీఐ అంటారు. వేరే చోట వీణలు చేసుకోవచ్చు గానీ వాటిని బొబ్బిలి వీణ అని అమ్మకూడదు. నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు వెళ్లే దారిలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు కూడా 2017లో ఇదే గుర్తింపు వచ్చింది. పేటెంటు ఒక మనిషికో కంపెనీకో ఇచ్చే హక్కు. జీఐ ఒక ఊరి విద్యకు ఇచ్చే హక్కు. పేటెంటు ఇరవై ఏళ్లకు ముగుస్తుంది. జీఐని పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు.

పరికరం ఆకారం కొత్తగా ఉంటే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. మొదట పదేళ్లు, తర్వాత మరో అయిదేళ్లు. పేరుకీ గుర్తుకీ ట్రేడ్‌మార్క్ ఉంది. కొందరు ఇవేవీ వద్దని రహస్యంగా ఉంచుకుంటారు. అమెరికాలో 1994లో వచ్చిన క్లాన్ సెంటార్ అనే పెడల్ తయారుచేసిన బిల్ ఫినెగన్, లోపలి సర్క్యూట్ ఎవరికీ కనబడకుండా దాని మీద గట్టి జిగురు పోసేవాడు. చాలాకాలం దాగింది. చివరకు కొందరు ఆ జిగురు ఓపికగా గోకి సర్క్యూట్ బయటపెట్టారు. ఇప్పుడు దాని నకళ్లు ఎన్నో. రహస్యానికి ఖర్చు లేదు, కానీ బయటపడితే కాపాడే చట్టమూ దాదాపు లేదు.

హక్కు అడిగినవాళ్లు, అడగనివాళ్లు

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో కొత్త స్వరాలు పుట్టించే పద్ధతి కనిపెట్టారు. విశ్వవిద్యాలయం దాన్ని యమహా కంపెనీకి ఇచ్చింది. 1977లో పేటెంటు వచ్చింది. దాని ఆధారంగా 1983లో యమహా డీఎక్స్ 7 కీబోర్డు వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. స్టాన్‌ఫర్డ్‌కి రెండు కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది.

అదే 1983లో డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ అధిపతి ఇకుతారో కకెహాషి మరోరకంగా ఆలోచించారు. ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ కీబోర్డుతో మాట్లాడుకోవడానికి మిడి అనే భాషను తెచ్చారు. ఎవరి దగ్గరా రుసుము తీసుకోకుండా అందరికీ వదిలేశారు. అందుకే అది అన్ని పరికరాల్లోకీ వెళ్లింది. ఇవాళ నా దగ్గరికి రిపేరుకి వచ్చే కీబోర్డుల్లోనూ ప్యాడ్స్‌లోనూ అది ఉంటుంది. ఆ ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ అవార్డు ఇచ్చారు.

మన తెలుగువాళ్లలో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఉన్నారు. మాండలిన్‌కి మామూలుగా ఎనిమిది తీగలు, జంటలుగా నాలుగు వరసలు ఉంటాయి. కర్ణాటక సంగీతంలోని గమకాలు పలకడానికి వీలుగా ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. పరాయి వాయిద్యాన్ని మన కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. ఆయన చేతివేళ్ల విద్యకు ఏ పేటెంటూ సరిపోదు. కనిపెట్టిన ప్రతిదానికీ హక్కు అడగాలని లేదు. కానీ అడగాలా వద్దా అనేది తెలిసి మనం తీసుకునే నిర్ణయం కావాలి. తెలియక పోగొట్టుకోకూడదు.

మరి మనం ఏం చేయాలి?

తమ్ముళ్లారా, ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అవసరమైతే కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచుకోండి.

1. ఆలోచన రాగానే నోటుబుక్కులో రాయండి. తేదీ వేయండి, బొమ్మ గీయండి. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రెండూ రాయండి.

2. దరఖాస్తు వేసేదాకా పదిమందికీ చూపించకండి. యూట్యూబులో పెట్టకండి. సలహా కావాలంటే నమ్మకమైన ఉపాధ్యాయునికి మాత్రమే చెప్పండి.

3. ముందు వెతకండి. గూగుల్ పేటెంట్స్‌లోనూ, భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులోనూ ఉచితంగా వెతకవచ్చు. మావాడు అరగంట వెతికి ఉంటే పన్నెండు వేలు మిగిలేవి.

4. మన రాష్ట్రం చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. అక్కడికి వెళ్లక్కర్లేదు, ఆన్‌లైన్‌లో వేయవచ్చు. ఈ వ్యాసం రాసే నాటికి విడి వ్యక్తికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పరీక్ష కోసం విడిగా 4,000 రూపాయలు కట్టి అడగాలి. అడగకపోతే మీ ఫైలు ఎవరూ తెరవరు. అందుకు 31 నెలల గడువు. పేటెంటు వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాది మొదలుకుని ఏటా రుసుము కట్టాలి. మొదట్లో ఏడాదికి 800, తర్వాత పెరుగుతుంది. పేటెంట్ ఏజెంటును పెట్టుకుంటే ఆయన ఫీజు అదనం.

5. తాత్కాలిక దరఖాస్తు వేస్తే పన్నెండు నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. ఆ తేదీని గోడ మీద రాసుకోండి.

6. మూడు కాగితాలను ఒకటిగా అనుకోకండి. దరఖాస్తు నంబరు వేరు. పద్దెనిమిది నెలలకు పత్రికలో ప్రచురించడం వేరు. పరీక్ష తర్వాత పేటెంటు మంజూరు కావడం వేరు. చివరిదే పేటెంటు. మొదటి రెండింటికీ ఫ్రేము కట్టించవద్దు.

7. డబ్బు లేదని వెనక్కి తగ్గకండి. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ చదువు, డబ్బు లేని ఆవిష్కర్తలకు పేటెంటు దరఖాస్తులో సహాయం చేస్తుంది. మన తెలుగునాట పల్లె సృజన సంస్థ అలాంటివారిని వెతికి వెలుగులోకి తెస్తోంది. హైస్కూలు పిల్లల ఆలోచనలకు ఇన్‌స్పైర్ మానక్ పథకంలో, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. మీ సైన్సు మాస్టారిని అడగండి. పాఠశాల ద్వారానే పేరు పంపాలి. బాలికల హాస్టల్ చెల్లెళ్లకు ఇంకొక మాట: 2019 నుంచి మహిళా దరఖాస్తుదారులు త్వరగా పరీక్షించమని కోరవచ్చు.

ఇవన్నీ మనలాంటి వాళ్లకు సాధ్యమా అనిపిస్తే చింతకింది మల్లేశం గారిని తలుచుకోండి. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మి గారు ఆసు పోయడానికి ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి తిప్పి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక యంత్రం తయారుచేశారు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో పూర్తిచేశారు. 2011లో పేటెంటు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. ఆయనకు ఇంజినీరింగు పుస్తకాలు తెలియవు. తల్లి భుజం నొప్పి తెలుసు.

మా మిత్రుడిది కూడా అలాంటి బాధే. ముసురు రోజున మూగబోయిన డప్పు. వాడు బోల్టుల డప్పులు ఇప్పటికీ చేస్తున్నాడు, చట్టం అడ్డు చెప్పదు. అడిగినవాళ్లకు చేసిచ్చి నాలుగు రూపాయలు సంపాదిస్తున్నాడు. ఆ ఫ్రేము గోడ మీదే ఉంది, కాకపోతే వెనక్కి తిప్పి పెట్టాడు. పోయిన నెల వాళ్లింటికి వెళితే కొత్త నోటుబుక్కు ఒకటి కనిపించింది. ప్రతి పేజీలోనూ తేదీ ఉంది, బొమ్మలున్నాయి. "ఏటిరా ఇది?" అని అడిగాను. నవ్వి మూసేశాడు. "దరఖాస్తు వేశాక చెబుతాను" అన్నాడు.

తమ్ముళ్లారా, మీలో ఎవరి దగ్గరైనా అలాంటి నోటుబుక్కు ఉంటే నాకు చూపించొద్దు. తేదీ వేయడం మాత్రం మరిచిపోవద్దు.